పాత నాటకాల నోటీసులు



మీ ఇంట్లో పాత ట్రంకుపెట్టె ఉంటే దాని అడుగున ఏ కాగితం పరిచారో ఎప్పుడైనా చూశారా? మా ఇంట్లో పట్టుచీరల పెట్టె అడుగున ఒక గులాబీరంగు కాగితం ఉండేది. చీరలకు తుప్పు అంటకుండా మా నాయనమ్మ పరిచింది. చిన్నప్పుడు దాని మీద పెద్ద అక్షరాలు కూడబలుక్కుని చదివేవాణ్ణి. “భక్త ప్రహ్లాద.” కింద “మార్చి 7 తేది శనివారం రాత్రి 9 గంటలకు.” ఆ కింద కుర్చీ 8 అణాలు, బెంచి 4 అణాలు, నేల 2 అణాలు. స్త్రీలకు ప్రత్యేక స్థలము కలదు. అన్నిటికన్నా అడుగున ఆ రోజుల్లో ఏ నోటీసులోనైనా ఉండే మాట: “ఆలసించిన ఆశాభంగం.”

సంవత్సరం మాత్రం లేదు. ఆ మూల చిరిగిపోయింది.

ఈ నోటీసు మీద మా ఇంట్లో ఒక తగాదా ఉంది. మా మేనత్త అనేది: “మా నాన్న ఈ నాటకంలో లీలావతి వేషం వేశాడు. నాకు ఆరేళ్లు. నాన్న చీర కట్టుకుని ఏడుస్తుంటే నేనూ ఏడ్చాను. నన్ను ఎత్తుకుని బయటికి తీసుకుపోయారు.” తాతగారు కచేరీలో గుమస్తా. మనిషి గంభీరం. ఆయన ఆడవేషం కట్టాడంటే మా పెదనాన్నలు ఒప్పుకునేవారు కాదు. “అదంతా నీ కల” అని కొట్టిపారేసేవారు. ఎవరి మాట నిజమో తేలాలంటే ఆ కాగితం ఏ ఏటిదో తెలియాలి. మేనత్త పుట్టింది 1930లో.

సరే, ఏడు లేని నోటీసుకు ఏడు ఎలా కనుక్కుంటాం? ఈ విద్య మనకంటే ముందు ఇంగ్లండులో బాగా సాగింది. అక్కడ విక్టోరియా రాణి కాలం నాటి నాటక పోస్టర్లు వేల కొద్దీ మిగిలాయి. వాటిలో చాలా వాటి మీద కూడా సంవత్సరం ఉండదు. రేపు ఆడబోయే ఆటకు ఏ ఏడని ఎవరు అడుగుతారు? పోస్టరు అచ్చువేసేవాడు రేపటి జనం కోసం వేస్తాడు కాని, వందేళ్ల తర్వాత వచ్చే మనకోసం వేయడు.

ఆ పోస్టర్లలో ఎక్కువ హంగుతో కనబడేవి క్రిస్మస్ పాంటోమైమ్ పోస్టర్లు. పాంటోమైమ్ అంటే మాటల్లేని మూకాభినయం అనుకుంటాం. కాదు. పేరు అదే అయినా ఇది గోలగోలగా సాగే ఆట. డిసెంబరు 26న మొదలై వారాల తరబడి ఆడేది. అల్లావుద్దీన్, సిండరెల్లా వంటి కథ ఒకటి తీసుకుంటారు. అందులో పాటలు, గెంతులు, ఆ ఏటి రాజకీయాల మీద చురకలు కలిపేస్తారు. కథానాయకుడి వేషం ఒక ఆడపిల్ల కడుతుంది. ముసలమ్మ వేషం ఒక మగవాడు కడతాడు. మొదట్లో ఇది ఇటలీ నుంచి వచ్చిన హార్లెక్విన్ అనే విదూషకుడి ఆట. 18వ శతాబ్దంలో లండన్‌లో జాన్ రిచ్ దాన్ని నిలబెట్టాడు. 19వ శతాబ్దం మొదట్లో జోసెఫ్ గ్రిమాల్డీ అనే హాస్యగాడు దాన్ని శిఖరానికి ఎక్కించాడు. మాటలతో నాటకం ఆడే హక్కు అప్పట్లో కొన్ని నాటకశాలలకే ఉండేది. 1843లో వచ్చిన చట్టం ఆ కట్టు తీసేసింది. దాంతో మాటలూ కథా పెరిగి, హార్లెక్విన్ చివరి అంకానికి జరిగిపోయాడు.

ఈ ఆటకు ప్రాణం ఒక దృశ్యం. చీకటి గుహో పాడుబడ్డ గుడిసో చూస్తూ ఉండగానే, ఒకదాని వెనక ఒకటి పల్చని తెరలు లేస్తాయి. వెనక దీపాలు వెలుగుతాయి. గుహ మాయమై దేవకన్యల లోకం విచ్చుకుంటుంది. సున్నపు ముక్కను భగభగ మండే వాయువులతో కాల్చి తెచ్చే తెల్లని వెలుతురు అప్పటి లండన్ స్టేజీల మీద ఉండేది. పోస్టరు మీద ఆ దృశ్యం పేరు, దాని తెరలు రాసిన చిత్రకారుడి పేరు నటుల పేర్లంత పెద్దగా వేసేవారు.

ఇది వింటుంటే మీకు ఏమైనా గుర్తొచ్చిందా? నాకైతే స్తంభం గుర్తొచ్చింది.

మన గంజాం పల్లెల్లో పుట్టిపెరిగినవారికి ప్రహ్లాద నాటకం సంగతి చెప్పనక్కర్లేదు. 19వ శతాబ్దంలో జలంతర రాజా రామకృష్ణ ఛోటరాయ్ ఆదరణలో వెలసిన ఒడియా నాటకం అది. జలంతర ఇప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉంది, ఆట మాత్రం ఒడిశాలో బతుకుతోంది. సరిహద్దు గీత ఎక్కడ పడితేనేం, మద్దెల చప్పుడుకు గీత తెలియదు. పాటలు ఒడియావైనా ఆ సంగీతంలో కర్ణాటక బాణీ వినబడుతుంది. మెట్లు మెట్లుగా కట్టిన ఎత్తైన వేదిక మీద హిరణ్యకశిపుడు దిగుతూ ఎక్కుతూ గర్జిస్తాడు. రాత్రంతా సాగి, తెల్లవారబోతుండగా నరసింహుడు వస్తాడు. ఆ ముఖానికి ముందే పూజ చేస్తారు. అది ధరించినవాడికి పూనకం వస్తుందని నలుగురు పట్టుకుని ఉంటారు. లండన్‌లో తెరలూ దీపాలూ చేసిన పని ఇక్కడ ఒక ముఖమూ, దాని మీద ఊరి నమ్మకమూ చేస్తాయి. నా మటుకు నాకు ఇదే గొప్పగా అనిపిస్తుంది. నేను పక్షపాతిని, ఒప్పుకుంటాను.

తెలుగులో ఈ స్తంభం సంగతి సురభివారి చేతిలో పడింది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో “కీచకవధ” ఆడి మొదలైన ఆ కుటుంబాలు మాయలకూ మంత్రాలకూ పెట్టింది పేరు. మనుషులు తీగల మీద గాలిలో ఎగురుతారు. కళ్లముందే అడవి కోట అవుతుంది. ఊళ్లో డేరా వేస్తే నెలల తరబడి రోజుకో నాటకం. మిగతా సమాజాల్లో మగవాళ్లే ఆడవేషాలు కడుతున్న రోజుల్లో సురభిలో ఆడవాళ్లే కట్టారు. తెలుగులో తొలి టాకీ “భక్త ప్రహ్లాద” తీయాలనుకున్నప్పుడు హెచ్.ఎం. రెడ్డి వెళ్లింది సురభివారి దగ్గరికే. 1932 ఫిబ్రవరి 6న విడుదలైన ఆ చిత్రంలో లీలావతి సురభి కమలాబాయి. ఈ తేదీ గుర్తుంచుకోండి, మళ్లీ పనికొస్తుంది.

ఇప్పుడు పోస్టరు చదవడానికి వద్దాం. లండన్ డ్రూరీ లేన్ నాటకశాల పోస్టరు ఒకటి మీ చేతికి వచ్చిందనుకోండి. “సోమవారం, డిసెంబరు 26” అని ఉంది, ఏడు లేదు. 1870 నుంచి ఆ శతాబ్దం చివరి దాకా డిసెంబరు 26 సోమవారం పడిన ఏళ్లు 1870, 1881, 1887, 1892, 1898. అయిదు. పోస్టరు మీద డాన్ లీనో అనే హాస్యనటుడి పేరుంది. ముసలమ్మ వేషాలకు అతనిది పెట్టిన పేరు. అతను డ్రూరీ లేన్ పాంటోమైమ్‌లో అడుగుపెట్టింది 1888లో. మిగిలినవి రెండే. నిర్వాహకుడిగా ఆగస్టస్ హారిస్ పేరుంది. ఆయన 1896లో చనిపోయాడు. ఇక మిగిలింది 1892 ఒక్కటే. చూశారా, రెండు పేర్లు, ఒక వారం, పని అయిపోయింది.

అన్నట్టు అదే 1892లో, ఆగస్టు 13న, ఇక్కడికి రైలులో ఇప్పుడు కొన్ని గంటల దూరంలో ఉన్న విజయనగరంలో గురజాడవారి “కన్యాశుల్కం” మొదటిసారి ఆడారు. లెక్కవేస్తే అది శనివారం. ఆ రాత్రి ఆటకు వేసిన నోటీసు ఒకటి ఎవరి పెట్టె అడుగునైనా ఉంటే ఎంత బాగుండును! అందులో కూడా ఆడవేషాలు కట్టింది మగవాళ్లే.

పోస్టరు అడుగున సన్నని అక్షరాల్లో ముద్రాపకుడి పేరూ ఊరూ ఉంటాయి. అది ఆయన గొప్ప కోసం వేసుకున్నది కాదు. రాజద్రోహపు కాగితాలు ఎవరు అచ్చువేశారో తెలియాలని ఇంగ్లండులో 1799లో చట్టం చేశారు. మన దేశంలో 1867లో వచ్చిన ముద్రణ చట్టం కూడా అదే అడిగింది. 1876లో నాటకాల చట్టం వచ్చింది. ప్రభుత్వానికి నచ్చని ఆటను ఆపించే అధికారం దానితో వచ్చింది. ఈ చట్టం మన పుస్తకాల్లోంచి పోయింది 2018లో. సర్కారు తన భయం కొద్దీ పెట్టిన ఆ సన్నని గీత ఇవాళ మనకు ఏ కాగితం ఏ ఊళ్లో పుట్టిందో చెబుతోంది.

పోస్టరు అబద్ధాలూ చెబుతుంది. ఎప్పుడూ “చివరి రాత్రి” అంటుంది, మర్నాడూ ఆడతారు. అవి సరదా అబద్ధాలు. కాని ఒక్కోసారి నోటీసు మీది మాట మనుషుల ప్రాణం తీసింది కూడా. 1883 జూన్ 16న ఇంగ్లండులో సండర్లాండ్ అనే ఊళ్లో, విక్టోరియా హాలులో పిల్లల వినోద ప్రదర్శన జరిగింది. వచ్చిన పిల్లలకు బహుమతులు దొరికే అవకాశం ఉందని ముందే ప్రచారం చేశారు. ఆట చివర స్టేజీ మీదనుంచి బొమ్మలు పంచడం మొదలుపెట్టారు. మేడమీది పిల్లలు తమకు దక్కవేమోనని మెట్లవెంట ఒక్కసారిగా దిగారు. కింద తలుపు లోపలికి తెరుచుకునేది. ఒక్కొక్కరే పట్టేంత సందు ఉంచి గడియ వేశారు. 183 మంది పిల్లలు చనిపోయారు. ఇవాళ సినిమాహాళ్లలో తోస్తే బయటికి తెరుచుకునే తలుపులు కనబడతాయే, ఆ ఆలోచనకు పట్టుదల వచ్చింది ఆ మెట్ల మీదనుంచే. 1903 డిసెంబరు 30న చికాగోలో ఇరోక్వాయ్ నాటకశాలలో, లండన్ నుంచి వెళ్లిన “మిస్టర్ బ్లూబియర్డ్” పాంటోమైమ్ ఆడుతుండగా నిప్పంటుకుంది. 600 మందికి పైగా పోయారు. ఆ నాటకశాల కార్యక్రమ పత్రం మీద “నిప్పు అంటనిది” అని అచ్చువేసి ఉంది. మనం తాటాకు పందిళ్లలో, పెట్రోమాక్స్ లైట్ల కింద రాత్రంతా ఆటలు చూసిన జనం. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పుడు గుండె కొంచెం జల్లుమంటుంది.

ఇక మన నోటీసు. మన వైపు పద్ధతి మీకు తెలిసిందే. ట్రెడిల్ మీద పల్చని రంగు కాగితం, గులాబీరంగో పసుపో ఆకుపచ్చో. పెద్ద అక్షరాలు కర్ర అచ్చు, చిన్నవి సీసం. తెలుగు వత్తులూ గుణింతాలూ పెద్ద సైజులో పేర్చడం కంపోజిటరుకు చాకిరీ. అందుకే నాటకం పేరు ఒక్కటి భారీగా, మిగతావి కిక్కిరిసి ఉండేవి. ఎవరి పేరు ఏ సైజులో వేయాలన్నది పెద్ద తగువు. లండన్‌లోనూ ఇదే తగువు. జట్కాలో మేళం కూర్చోబెట్టి, వీధి వీధికీ తిప్పి, వెనక పరుగెత్తే పిల్లల చేతుల్లోకి ఈ కాగితాలు విసిరేవారు. అలా విసిరిన వాటిలో ఒకటే మా పెట్టెలోకి చేరి ఉంటుంది.

అణాల లెక్క ఉంది కనుక 1957 ఏప్రిల్‌కు ముందుది. అప్పుడే నయాపైసలు వచ్చాయి. మార్చి 7 శనివారం పడిన ఏళ్లు వెతికాను. 1920 తర్వాత, 1957 లోపల అయిదే ఉన్నాయి: 1925, 1931, 1936, 1942, 1953. మేనత్త పుట్టుక 1930, ఆమె మాట నిజమైతే మనకు 1936 కావాలి. కాని మనకు కావలసింది దొరికింది కదా అని ఆగకూడదు. ఇలాంటి పనిలో మొదటి శత్రువు మనసులోని కోరికే.

చిరిగిన మూల పక్కన రెండు ముక్కలు మిగిలాయి. “ఫాల్గుణ శు” అని. శుద్ధమో శుక్లమో, ఏదైనా పున్నమికి ముందు పక్షమే. పాత పంచాంగాలతో సరిచూస్తే 1931లోను, 1942లోను, 1953లోను మార్చి 7 నాటికి పున్నమి దాటిపోయింది. అవి పోయాయి. మిగిలినవి 1925, 1936. రెండింటిలోను ఆ తేదీ శుక్లపక్షమే.

ఇక్కడ చాలాకాలం ఆగిపోయాను. ఒకరోజు భూతద్దం పెట్టి చూస్తే, మడత పడిన చోట అరిగిపోయిన ఒక వరస కనబడింది. “టాకీలో చూచినవారు సైతం” అని మొదలై, తర్వాతది అందదు. తొలి తెలుగు టాకీ ఎప్పుడు వచ్చింది? ఇందాక గుర్తుంచుకోమన్నాను. 1932 ఫిబ్రవరి. 1925లో టాకీ మాటే పుట్టలేదు. కనుక ఈ ఆట 1936 మార్చి 7న, యువ నామ సంవత్సర ఫాల్గుణంలో, మర్నాడు పున్నమి అనగా, బరంపురంలో ఆడింది. ఆట వదిలాక జనం వెన్నెల్లో ఇళ్లకు పోయి ఉంటారు. యూరపులో సరిగ్గా ఆ రోజే హిట్లరు సైన్యం రైన్‌లాండ్‌లో అడుగుపెట్టింది. ఆ సంగతి ఇక్కడ నేల టిక్కెట్టువారికి పట్టి ఉండదు.

వాళ్లకు పట్టిన సంగతి వేరే. ఆనాటికి బరంపురం మద్రాసు రాజధానిలో ఉంది. జిల్లాను ఎలా విడదీయాలో చెప్పడానికి ఓడొనెల్ కమిటీ 1931లో కూర్చుంది. తర్వాత ఎన్నో వాదాలు, ఎన్నో అర్జీలు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. బరంపురం, ఛత్రపురం అటు. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి ఇటు, విశాఖపట్నం జిల్లాలోకి. అంటే ఆ శనివారం రాత్రి పందిట్లో కూర్చున్న ఇచ్ఛాపురం మనిషికీ బరంపురం మనిషికీ ఒకే జిల్లా. ఇరవై అయిదు రోజుల తర్వాత వేరువేరు రాష్ట్రాలు. నోటీసు మీద ఆ ఊసే లేదు. అడుగున ముద్రాపకుడి గీతలో “బరంపురం, గంజాం జిల్లా” అని మిగిలింది. ఆ రెండు మాటలూ విభజనకు ముందూ నిజమే, తర్వాతా నిజమే.

మేనత్త లెక్క సరిపోయింది. ఆరేళ్ల పిల్ల. ఆ సంగతి చెప్పేనాటికి ఆమె మంచంలో ఉంది. “నేను చెప్పలేదూ?” అని నవ్వింది. మా పెదనాన్నలు మాత్రం అప్పటికి లేరు.

ఇంకొక్క మాట, ఇది నా తప్పు గురించి. పాత్రధారుల వరసలో “లీలావతి” అని స్పష్టంగా ఉంది. దాని ఎదుట గీత ఉంది. గీత తర్వాత పేరు ఉండాలి. కుర్రవాడిగా ఉన్నప్పుడు చిరుగు కనబడి, బాగుచేద్దామని దాని మీద సెల్లోటేపు అతికించాను. టేపులోని జిగురు ఏళ్లు గడిచేకొద్దీ గోధుమరంగుకు మారి, కాగితంలోకి ఇంకి, సిరాను మింగేసింది. ఊడిన టేపుతోపాటు పైపొర లేచి వచ్చింది. ఇప్పుడు అక్కడ మా ఇంటిపేరు మొదటి అక్షరం కనబడుతుంది. ఆ అక్షరంతో మొదలయ్యే ఇంటిపేర్లు బరంపురంలో చాలా ఉన్నాయి.

అందుకని మీ ఇంట్లో ఇలాంటి కాగితం ఉంటే దయచేసి టేపు అతికించకండి. లామినేషను చేయించకండి, వేడికి సిరా పోతుంది, తర్వాత విడదీయలేరు. చవక నోటీసు కాగితం ముతక కర్రగుజ్జుతో చేసింది. దానిలోనే పులుపు ఉంటుంది. వెలుతురు తగిలితే ఎర్రబడి పెళుసవుతుంది. మన సముద్రపు గాలికి బూజు పడుతుంది. గుండుసూదులూ ఇనుప క్లిప్పులూ తీసేయండి. మడతలు విప్పి, శుభ్రమైన తెల్లకాగితాల మధ్య బల్లపరుపుగా పెట్టి, చెద అందని చోట, గోడకు ఆనకుండా ఉంచండి. ముందుగా ఒక ఫొటో తీయండి, ఇప్పుడు ప్రతి చేతిలోనూ కెమెరా ఉంది. ఎవరి దగ్గర దొరికింది, ఇంట్లో పెద్దలు ఏమనేవారు, ఇవి ఆ కాగితం మీద రాయకండి, వేరే కాగితం మీద పెన్సిలుతో రాసి దానితోపాటు పెట్టండి. పిల్లలకు తెలుగు చదవడం రాకపోతే మీరే చదివి వినిపించి, వాళ్లచేత ఒడియాలోనైనా రాయించండి.

మా నోటీసు ఇప్పుడు పెట్టె అడుగున లేదు. ఒక అట్టల మధ్య ఉంది. దానితోపాటు పెట్టిన చీటీ మీద మేనత్త చెప్పిన మాట యథాతథంగా రాశాను: “నాన్న చీర కట్టుకుని ఏడుస్తుంటే నేనూ ఏడ్చాను.” కింద తేదీ వేశాను, ఈసారి సంవత్సరంతో సహా.